చెట్టు కాదు సార్, బోరు: ఒకటి, రెండు తరగతుల పిల్లలతో పటం వేసిన ఆరు నెలలు

2023 జూలై రెండో శుక్రవారం నేను ఒకటో తరగతి పిల్లాడి బొమ్మ ఒకటి పాడు చేశాను. పాడు చేశానని ఆ పూట తెలియలేదు, బాగు చేశాననే అనుకున్నాను. వాడు డ్రాయింగ్ షీటు నిలువుగా పెట్టుకొని, పైన ఒక చిన్న అడ్డగీత గీసి, దాని మధ్యలోంచి కిందికి ఒకే ఒక్క గీత లాగాడు. క్రేయాన్ షీటు అంచు దాటి కింద బండ మీదకి కూడా కొంచెం పోయింది. మిగతా షీటంతా తెల్లగానే ఉంది. నేను పక్కన కూర్చొని "ఓ, చెట్టా? మరి కొమ్మలేవిరా?" అని వాడి ముందున్న ఆకుపచ్చ క్రేయాన్ తీసుకొని, పైన నాలుగు కొమ్మలు వేసి, ఓ పది ఆకులు పెట్టి, "చూడు, ఇప్పుడెంత బాగుందో" అని చేతికిచ్చాను. వాడు చూశాడు. ఏమీ అనలేదు. షీటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నాలుగుంబావుకి బెల్లు కొట్టారు. నా బస్సు ఐదింటికి. వరండాలో కూర్చొని సామాను సర్దుకుంటుంటే టీచర్ వచ్చి, మెల్లగా, తప్పు పడుతున్నట్టు కాకుండా ఒక సమాచారం చెబుతున్నట్టు చెప్పారు: "అది చెట్టు కాదు సార్, బోరు."

ఆ పిల్లాడి వాళ్ల నాన్న ఆ ఎండాకాలం పొలంలో మూడు బోర్లు వేయించాడట. మూడోది 450 అడుగులు దించినా దుబ్బే లేచింది, నీళ్లు పడలేదు. బోరు లారీ రాత్రంతా నడుస్తుంటే పిల్లాడు కూడా అక్కడే, గట్టు మీద, అమ్మ పక్కన మేలుకొని కూర్చున్నాడు. పైన అడ్డగీత పొలం. కింద గీత బోరు. షీటు చాలక గీత బండ మీదకి పోయింది. అంటే వాడు చెప్పదల్చుకున్నదంతా ఆ ఒక్క గీతలో, దాని పొడవులో ఉంది. దాని నెత్తిన నేను ఆకులు పెట్టాను.

ఇది రాయడానికి కారణం ఆ అరగంటే. ఈ ఆరు నెలల్లో నేను పిల్లలతో గడిపిన గంటల కంటే, పిల్లలు వెళ్లాక బస్సు వచ్చేలోపు ఆ టీచర్‌తో వరండాలో కూర్చున్న అరగంటలే ఈ పనిని నడిపించాయి. స్కూళ్లలో ఆర్ట్ వర్క్‌షాప్‌లు చేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, నేనూ పదేళ్లుగా చేస్తున్నాను. వెళ్తాం, రెండు గంటలు చేయిస్తాం, ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఆ అరగంట ఎవరమూ కూర్చోం.

ఎలా మొదలైంది

నాది బొమ్మలు వేసే పని. హైదరాబాద్‌లో చదువుకున్నాక, రెండేళ్లు సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఒక నకాషి కుటుంబం దగ్గర కూర్చొని పటం పని, అంటే పొడవాటి బట్ట మీద కథని బొమ్మలుగా వేసే పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అంటే వాళ్లు నవ్వుతారు, బట్టకి పూత వేయడం వరకు వచ్చింది అందాం. స్కూలు చేర్యాలకి ముప్పై కిలోమీటర్ల లోపే, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఊరి పేరు, స్కూలు పేరు రాయడం లేదు, పిల్లల విషయాలు ఉన్నాయి కాబట్టి. టీచర్ ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్, ఒకటి, రెండు తరగతులు రెండూ ఆమెవే, ఒకే గదిలో 26 మంది. అప్పటికి ఆమె సర్వీసు పద్దెనిమిదేళ్లు. ఒక ట్రైనింగ్‌లో పరిచయం అయ్యారు. "మా పిల్లలకి బొమ్మలు నేర్పుతారా" అని అడగలేదు ఆమె. "మా పిల్లలు బాగా మాట్లాడతారు సార్, బడిలోకి రాంగనే బంద్ చేస్తారు, ఏమన్నా చేద్దామా" అన్నారు. ఆ ప్రశ్న నాకు అప్పుడు సరిగ్గా వినపడలేదు.

మొదటి శుక్రవారం నేను నెమలి అవుట్‌లైన్ జిరాక్సులు 30 తీసుకెళ్లాను. సిగ్గుగానే ఉంది రాయడానికి, కానీ నిజం. ఇరవై నిమిషాల్లో అందరూ రంగులు నింపేసి "అయిపోయింది సార్" అన్నారు. 26 నెమళ్లు, 26 నీలం మెడలు. టీచర్ వాటిని దండెం మీద క్లిప్పులతో ఆరేసి, దూరంగా నిలబడి చూసి, "ఇందులో ఎవరిది ఏదో నేను చెప్పలేను సార్" అన్నారు. మామూలుగా ఆమె ఏ పిల్లాడి నోటుబుక్కయినా అట్ట చూడకుండా, అక్షరం చూసి చెప్పేస్తారు.

బోరు సంగతి తెలిసిన మరుసటి శుక్రవారం ఇంకో నష్టం బయటపడింది. ఖాళీ షీట్లు ఇచ్చి ఏమైనా వేయమంటే తొమ్మిది మంది చెట్టు వేశారు. నా చెట్టు. అదే నాలుగు కొమ్మలు, అవే ఆకులు. బోరు పిల్లాడు కూడా. ఇద్దరు ముగ్గురు షీటు పట్టుకొచ్చి "మీరే వేయండి సార్, మీకైతే మంచిగ వస్తది" అన్నారు. ఆరేళ్ల పిల్లలకి పెద్దవాళ్లు గీసి చూపించిన బొమ్మ ఎంత త్వరగా అంటుకుంటుందో చదివి తెలుసు నాకు. నా చెట్టే తొమ్మిది షీట్ల మీద కనపడితే తెలియడం వేరు.

ఆ సాయంత్రం ఇద్దరం ఒక మాట అనుకున్నాం: పెద్దవాళ్ల చెయ్యి పిల్లల కాగితం మీద పడకూడదు. నాదే కాదు, ఆమెది కూడా. ఎందుకంటే ఆమెకి కూడా ఒక అలవాటు ఉంది, అది నేను చెప్పాల్సి వచ్చింది. ఏ బొమ్మ చూసినా "ఇదేంటి? పేరు రాయి కింద" అంటారు. పాపం ఆమె బాధ ఆమెది. తొలిమెట్టు (పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) కింద ఏ వారం ఏ అక్షరాలు, ఎంతమందికి వచ్చాయి అన్నది రాసి చూపించాలి. కానీ 'ఇల్లు' అని రాయడం రాని పిల్ల, రాయమంటారని తెలిశాక ఇల్లు వేయడమే మానేసి 'ఈగ' వేస్తోంది, ఈగ రాయడం వచ్చు కాబట్టి! ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత సంచిలోంచి 200 పేజీల లాంగ్ నోటుబుక్ తీసి, "సరే, వాళ్లు రాయొద్దు. వాళ్లు చెప్పింది నేను రాస్తా, వాళ్ల మాటల్లోనే" అన్నారు.

ఆ నోటుబుక్కే తర్వాత మాకు అన్నీ. ఎడమ పేజీలో పిల్లల మాటలు, ఉన్నదున్నట్టు, "గిట్ల", "అట్లనే", "సాలలే" అన్నీ దిద్దకుండా. కుడి పేజీలో సాయంత్రం మేమిద్దరం అనుకున్నవి. "ఇదేంటి?" అని అడగడం ఇద్దరం మానేశాం, "దీని గురించి చెప్పు" అనడం అలవాటు చేసుకున్నాం. నాకు నాలుగు వారాలు పట్టింది, నోటి చివరికి "ఇదేంటి" వచ్చి ఆగిపోయేది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఉత్తర ఇటలీలో రెజియో ఎమీలియా అనే పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే, 1945లో, దాని పక్క పల్లెలో తల్లిదండ్రులే కలిసి, జర్మన్ సైన్యం వదిలేసిపోయిన ట్యాంకు, ట్రక్కులు, గుర్రాలు అమ్మిన డబ్బుతో చిన్నపిల్లల బడి కట్టుకున్నారు. వాళ్లతో నడిచిన టీచర్ లోరిస్ మలగుజ్జి. 1963లో ఆ పట్టణ మునిసిపాలిటీ తన మొదటి శిశు పాఠశాల తెరిచింది. వాళ్ల బడుల్లో ఒక ఆర్టిస్ట్ ఉంటారు, అటెలియరిస్టా అంటారు, టీచర్లతో కలిసి పనిచేసే ఉద్యోగి, గెస్టు కాదు. పిల్లలు అన్నవీ చేసినవీ రాసుకొని, ఫొటోలు తీసుకొని, పెద్దవాళ్లు కూర్చొని చదువుకోవడం వాళ్ల రోజువారీ పనిలో భాగం. మా నోటుబుక్కుకి అది మూలం అని గొప్పకి చెప్పను, ఆ టీచర్‌కి రెజియో పేరు నేను చెప్పేదాకా తెలియదు, చెప్పాక కూడా "వాళ్లకి రోజూ ఉంటాడా ఆర్టిస్టు? మాకు వారానికి ఒక్క పూట" అని నవ్వేశారు. ఆమె అన్నది పాయింటే. వారానికి ఒక పూట వచ్చే మనిషి, ఆరు రోజులు చూసే మనిషి దగ్గర వినకపోతే చెట్లే వేస్తాడు.

పటం ఎందుకు, ఎవరి పటం

పటం అనే ఆలోచన ఆ బోరు వల్లే వచ్చింది. డ్రాయింగ్ షీటు చాలని పిల్లాడికి ఏం ఇవ్వాలి? చేర్యాల పటం నిలువుగా కిందికి విప్పుకుంటూ పోయేది, గజాల కొద్దీ ఉంటుంది, అడ్డం పట్టీలతో గదులుగా విడదీసి కథ ఒక్కో గది చొప్పున నడుస్తుంది. గోడకి తగిలించడానికి పుట్టిన బొమ్మ కాదది, కథ చెప్పేవాళ్లు పుల్లతో చూపిస్తూ, పాడుతూ వాడుకునే పనిముట్టు. పిల్లలు మాట్లాడాలన్నది టీచర్ కోరిక, నాకు వచ్చిన పని పటం. అదృష్టం కొద్దీ రెండూ కలిశాయి.

కానీ నేను ఉత్సాహంగా చెప్పగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరి పటం సార్?"

తెలిసినవాళ్లకి తెలుసు, పటం కథ అంటే కుల పురాణం, ఒక్కో కులం పుట్టుక కథ. ముదిరాజులకి కాకిపడిగెలవాళ్లు చెబుతారు, పద్మశాలీలకి మార్కండేయ పురాణం కూనపులివాళ్లు, మాదిగలకి జాంబపురాణం డక్కలివాళ్లు. ఎవరి పటం వాళ్లది. ఆ గదిలో ఆరేడు కులాల పిల్లలున్నారు. నేను కళ, వారసత్వం అంటూ ఒక పురాణం తీసుకొచ్చి పెడితే, మిగతా పిల్లలు వేరేవాళ్ల కథకి రంగులు వేసేవాళ్లవుతారు. పేరెంట్స్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కూడా. సిటీ నుంచి వచ్చిన నాకు ఇది తట్టలేదు, రెండేళ్లు పటం పని చేసి కూడా తట్టలేదు, అదే ఆశ్చర్యం. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "బడి నుంచి ఇంటికి పోయే తొవ్వ వేద్దాం. అది అందరికీ ఉంది" అన్నారు.

అలా మా పటం పేరు 'తొవ్వ' అయింది.

బట్ట, రంగులు, వాన

మూడడుగుల వెడల్పు ఖాదీ బట్ట, ఐదు మీటర్లు తీసుకున్నాం. పటానికి బట్ట తయారుచేయడమే సగం పని: గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి మూడు పూతలు వేయాలి, ఒక్కోటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. చింతగింజలు ముందు రోజు రాత్రి నానబెట్టాలి, పొట్టు ఊడదీసి మెత్తగా రుబ్బి ఉడికించాలి. మధ్యాహ్న భోజనం వండే అమ్మ తన పొయ్యి, గిన్నె ఇచ్చింది, ఉడికించడం ఆమే చేసింది, పిల్లల్ని దగ్గరకి రానివ్వలేదు. పొట్టు తీయడం మాత్రం 26 మందీ చేశారు. నానిన చింతగింజ వేళ్ల మధ్య నొక్కితే లోపలి తెల్లటి పప్పు టక్కున జారి ఎగురుతుంది, గది మొత్తం గింజలు, ఎవడి గింజ ఎంత దూరం పోయిందో పోటీ. లెక్కల పీరియడ్ అదే అనేశారు టీచర్, అడుగులు కొలిపించారు.

ఆ జూలై చివర్లో వరంగల్, భూపాలపల్లి వైపు ఎంత కురిసిందో గుర్తుండే ఉంటుంది. మాకూ ముసురే, స్కూళ్లకి సెలవులు కూడా ఇచ్చారు. మూడు రోజుల్లో అయిపోవాల్సిన పూతలు తొమ్మిది రోజులు పట్టాయి. రెండో పూత ఆరక వాసన పట్టింది, మొత్తం పోయిందనే అనుకున్నా. టీచర్ సెలవుల్లో కూడా స్కూలుకి వెళ్లి, తలుపు తీసి, బట్టని బెంచీల మీదికి మార్చారు. నేనడగలేదు. రిపోర్టుల్లో ఇలాంటివి రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

రంగుల దగ్గర జాగ్రత్త. పాత పటాల్లో మెరిసే ఎరుపు ఇంగిలీకం, అందులో పాదరసం. పసుపుకి వాడిన హరిదళంలో ఆర్సెనిక్. సహజ రంగులు కదా అని పిల్లలకి ఇచ్చేస్తారేమో ఎవరైనా, అస్సలు వద్దు. ఇప్పుడు నకాషివాళ్లలోనే చాలామంది డబ్బా రంగులు వాడుతున్నారు. మేం వంటింట్లో, కిరాణా కొట్లో దొరికేవే తీసుకున్నాం: జాజు (ఎర్రమట్టి), పసుపు, దీపం మసి, నీలిమందు, సుద్ద. కలపడానికి తుమ్మబంక. మసి నీళ్లలో కలవదు, పైన తేలుతుంది, బంక నీళ్లు చుక్క చుక్క వేసి వేలితో రుద్దితేనే లొంగుతుంది. ఆకులు నూరి ఆకుపచ్చ తీద్దామని పిల్లలు పట్టుబట్టారు. తీశారు. మరుసటి వారానికి అది గోధుమరంగు అయింది. నాకు ముందే తెలుసు, చెప్పలేదు, టీచర్ చెప్పొద్దన్నారు.

పారాణి సంగతి మాత్రం పిల్లలదే. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎర్రబడుతుందని రెండో తరగతి పాప ఒకతె చెప్పింది, వాళ్ల అక్క పెళ్లిలో చూసిందట. టీచర్ తమలపాకుల సున్నం తెచ్చి, పుల్ల చివర గోరంత తీసి ఆమే వేశారు, పిల్లల చేతికి సున్నం ఇవ్వలేదు. గిన్నెలో పసుపు ఒక్కసారిగా ఎర్రగా తిరిగితే గదంతా "ఓ" అని అరిచింది. నోటుబుక్‌లో ఆ రోజు ఎడమ పేజీ నిండిపోయింది. అందులో నాకు ఇష్టమైన వాక్యం: "పసుపుకు కోపమొచ్చింది మేడం."

కుంచెలు కొనలేదు. నకాషివాళ్ల ఉడుత వెంట్రుకల కుంచెలు పిల్లలకి ఇస్తే అరగంటలో ముద్దవుతాయి. వేపపుల్లలు విరిచి నమలమన్నాం. పళ్లు తోముకునే పనే కాబట్టి ఎవరికీ నేర్పాల్సిన అవసరం లేదు, రెండు నిమిషాల్లో 26 కుంచెలు తయారు. మూతులు చేదుతో వంకర్లు పోయాయి, అది వేరే సంగతి.

తొవ్వ

ఆగస్టు నుంచి దసరా సెలవుల దాకా పటం మీదే. బట్ట నేల మీద పరిచి, ఒక్కసారి ఐదుగురు మాత్రమే, మిగతావాళ్లు టీచర్‌తో బయట. మొదట్లో రెండో తరగతి మగపిల్లలు మధ్య చోటంతా ఆక్రమించుకున్నారు. నేను గమనించలేదు, బొమ్మలు బాగున్నాయని చూసుకుంటున్నా. నోటుబుక్‌లో ఎవరెవరి మాటలున్నాయో లెక్కపెట్టి ఆమె చూపించారు: మూడు వారాల్లో ఏడుగురు ఆడపిల్లల మాట ఒక్కటీ లేదు. తర్వాత నుంచి ఏ ఐదుగురు కూర్చోవాలో ఆమే చెప్పారు, నేను కాదు.

బోరు పిల్లాడు మూడో గదిలో తన పొలం వేశాడు. ఈసారి నేను రెండు గజాల దూరంలో చేతులు వెనక్కి కట్టుకొని కూర్చున్నా, నిజంగానే. జాజుతో గీత మొదలుపెట్టాడు. గది అయిపోయింది, పట్టీ దాటాడు, కింది గదిలోకి వచ్చాడు. అక్కడ ఇంకో పాప ఇల్లు ఉంది. "నా ఇంట్లకెళ్లి నీ బోరు ఎందుకు వోతుంది" అని ఆమె లేచింది. "బోరు ఇంకా లోపలికి వోతది, ఆగదు" అని వీడు. నేను మధ్యలోకి వెళ్లబోతే టీచర్ కళ్లతోనే వద్దన్నారు. పది నిమిషాలు గొడవ. చివరికి తేల్చుకున్నది వాళ్లే: బోరు కుడి అంచుకి జరిగి, అక్కడి నుంచి చివరి దాకా పోవచ్చు, ఎవరి ఇంట్లోకీ రాకూడదు. వాడు గీతని అడ్డంగా తిప్పి అంచుకి తీసుకెళ్లి, అక్కడి నుంచి పది అడుగులకి పైగా కిందికి దించాడు. రెండు శుక్రవారాలు పట్టింది. బట్ట ఆఖరున ఆగి, నా వైపు చూసి, "ఇగ సాలు" అన్నాడు. నీళ్లు పడ్డాయా అని అడగాలనిపించింది. అడగలేదు.

పటానికి అంచు ఉంటుంది. మా పటానికి కుడి అంచు ఒక బోరు.

మా ఇద్దరికీ కుదరని విషయం ఒకటి ఉంది, ఇప్పటికీ కుదరలేదు. ఒక ఒకటో తరగతి పాప ఈ ఆరు నెలల్లో బట్ట మీద ఒక్క చుక్క పెట్టలేదు. రంగులు కలిపేది. మసిలో బంక ఎన్ని చుక్కలు పడాలో నాకంటే బాగా తెలుసు దానికి. అందరూ దాని దగ్గరికే వచ్చేవాళ్లు. "అది చేసే పని అదే సార్, వదిలేయండి" అని టీచర్. భయంతో దూరంగా ఉందేమో, ఒక చిన్న గుడ్డ విడిగా ఇచ్చి చూద్దాం అని నేను. రెండుసార్లు ఇచ్చాను. రెండుసార్లూ మడతపెట్టి తిరిగిచ్చింది. ఆమె చెప్పిందే కరెక్ట్ అయ్యుండొచ్చు, నాకింకా మనసొప్పలేదు.

సెప్టెంబరులో పటం కథ చెప్పే పెద్దాయన ఒకాయన్ని పిలిచాం. డబ్బులు ముందే మాట్లాడుకొని, ఇచ్చి పిలిచాం, 'పిల్లల కోసం ఫ్రీగా రండి' లాంటివి వద్దని టీచర్ ఖచ్చితంగా అన్నారు. కథ కంటే పిల్లలకి నచ్చింది ఆయన పుల్ల. ఎక్కడ చూపిస్తే అక్కడే అందరి కళ్లు. మరుసటి రోజు నుంచి పుల్ల ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు "ఊ" కొట్టాలి. ఆగస్టులో రెండు మాటల్లో ఆగిపోయిన పిల్లలు పుల్ల పట్టుకొని నాలుగైదు నిమిషాలు చెప్పడం నేను చూశాను. అది పటం వల్లా, పుల్ల వల్లా, లేక ఆరు నెలలు పెరిగారు కాబట్టా అంటే విడదీసి చెప్పలేం. టీచర్ మాత్రం ఆ వాక్యాలే బోర్డు మీద రాసి చదివించారు, తన తొలిమెట్టు పని అందులోనే చేసుకున్నారు. "గిది మా తొవ్వ. కుక్క ఉంటది. ఉరుకొద్దు, నిలబడాలె." ఇది రాసినప్పుడు చదవనివాడు లేడు, ఆ కుక్క అందరికీ తెలుసు.

నేను మళ్లీ చేసిన తప్పు

నవంబరులో ఎన్నికలు. టీచర్‌కి ట్రైనింగ్‌లు, డ్యూటీ, స్కూలేమో పోలింగ్ స్టేషను. 30న పోలింగ్, అంతకు ముందే గదులు ఖాళీ చేయాలి, పటం చుట్టి బీరువా మీద పెట్టారు. రెండు శుక్రవారాలు పోయాయి. డిసెంబరు మొదట్లో, ఎవరో ఆఫీసర్లు విజిట్‌కి వస్తారని, పటాన్ని హాల్లో కట్టమన్నారు. ఎడమ అంచు ఖాళీగా ఉంది, మరకలు, వేలిముద్రలు. "కొంచెం నీట్‌గా చేయండి సార్" అని అడిగారు స్కూల్లో. టీచర్ ఆ రోజు సెలవు. నేను ఎడమ అంచు పొడవునా ఎర్ర పట్టీ వేసి, తెల్ల పూలతీగ దించాను, అచ్చం చేర్యాల పటంలా. మూడు గంటలు పట్టింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు.

ఆమె మరుసటి రోజు చూశారు. నాకు ఫోన్ చేయలేదు. శుక్రవారం నేను వెళ్లాక, పిల్లలు పటం చుట్టూ కూర్చున్నాక, పుల్ల పట్టుకున్న పాప ఎడమ అంచు దగ్గర ఆగి "ఇది ఎవరిది మేడం?" అంది. ప్రతి బొమ్మకీ ఒక మనిషి ఉన్నారు ఆ పటంలో, దీనికే లేరు. టీచర్ నా వైపు చూపించారు. "సార్‌ది. సార్‌నే అడగండి, చెప్తారు." పుల్ల నా చేతికి వచ్చింది. 26 మంది "ఊ" కొట్టడానికి రెడీగా ఉన్నారు. ఆ పూలతీగ గురించి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. చివరికి ఆఫీసర్లు వస్తున్నారని భయపడి వేశానని చెప్పాను. అందరూ "ఊ" అన్నారు. ఆ సాయంత్రం వరండాలో ఆమె చాలాసేపు మాట్లాడలేదు, నోటుబుక్ కుడి పేజీలో తేదీ వేసి ఖాళీగా వదిలేశారు. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఖర్చు అడుగుతారు కాబట్టి: బట్ట, రంగులు, బంక, కథ చెప్పిన పెద్దాయనకి ఇచ్చింది, నా బస్సు ఛార్జీలు అన్నీ కలిపి తొమ్మిది వేల లోపే. అందులో సగానికి పైగా పెద్దాయనకి. నా పూటలకి నేను తీసుకోలేదు. అలా తీసుకోకపోవడం కూడా మంచి పద్ధతి కాదని ఇప్పుడు అనుకుంటున్నా, వేరే ఆర్టిస్టుని ఎవరినైనా ఇలాగే రమ్మంటే రాలేరు. టీచర్ పెట్టిన అరగంటలకి అసలు లెక్కే లేదు, ఆమె జీతంలోకీ రాదు, రికార్డులోకీ రాదు.

పటం విషయంలో నేను ముందే చూసుకోవాల్సింది ఒకటి: పసుపు ఎండకి నిలవదు. ఫిబ్రవరికల్లా కిటికీ వైపున్న పొలాలన్నీ వెలిసిపోయాయి. పారాణి ఎరుపు కూడా చప్పబడింది. జాజు, మసి చెక్కుచెదరలేదు. అంటే తొవ్వ, కుక్క, బోరు ఉన్నాయి, పంట పోయింది. పిల్లలు మళ్లీ పసుపు వేద్దామన్నారు, వేశారు, నేను లేని రోజు.

2024లో జరిగిన బదిలీల్లో టీచర్ వేరే మండలానికి వెళ్లారు. పటం స్కూల్లోనే ఉంది, నోటుబుక్ ఆమెతో ఉంది. ఆ ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ చేశారు. కొత్త బడిలో 17 మంది, ఇక్కడ పిల్లలు అసలే మాట్లాడటం లేదు సార్ అన్నారు. నేను ఏ శుక్రవారం రమ్మంటారని అడిగాను.

"ఇప్పుడే రాకండి సార్, రెండు నెలలు నన్ను వాళ్లను చూడనీయండి. చింతగింజలు ఎన్ని గంటలు నానబెట్టాలో మాత్రం చెప్పండి, రాసుకుంటా."